లాకుల్లో నిలిచిన పడవ

కృష్ణా కాలువ, గోదావరి కాలువ ఏలూరులో కలుస్తాయి. కాలువల మీద పడవలు తిరిగిన రోజులు చూసిన పెద్దవాళ్లకు లాకుల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగువ తలుపుకీ దిగువ తలుపుకీ మధ్య తొట్టిలో పడవ నిలబడిపోతుంది. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక మట్టానికి వచ్చేదాకా కదలదు. పడవలోవాళ్లు ఎన్ని కేకలు వేసినా, సరంగు ఎంత బలంగా గడ వేసినా లాభం లేదు. తలుపు తెరవాల్సింది గట్టు మీదున్న లస్కరు.

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఇవ్వాలని తీర్మానించింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించింది. మధ్యలో దాదాపు ఏడు నెలలు మా పశ్చిమ గోదావరి ఆ తొట్టిలోనే ఉంది. రాష్ట్రం విడిపోతుందా, ఆగుతుందా? టీ కొట్టు దగ్గర, రైలుపెట్టెలో, చేపల కాటా దగ్గర, పెళ్లి పందిట్లో ఇదే మాట. అడగని మనిషి లేడు, జోస్యం చెప్పని మనిషీ లేడు. మా వైపు చెప్పినవాళ్లలో ఎక్కువమంది ఆగుతుందనే చెప్పారు. నేనూ అదే నమ్మాను. పదేళ్లు దాటాక ఇప్పుడు ఆ జోస్యాలను వరసగా పెట్టి చూస్తే, ఏది దేన్ని చూసి చెప్పిందో, ఎక్కడ తప్పిందో స్పష్టంగానే కనిపిస్తుంది. తప్పినందుకు మనం ఏం పోగొట్టుకున్నామన్నది అంతకన్నా పెద్ద సంగతి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అన్నిటికన్నా గట్టిగా వినిపించింది జనాన్ని చూసి చెప్పిన జోస్యం. ఆగస్టు 12 అర్ధరాత్రి మొదలైన ఏపీఎన్జీవోల సమ్మె 66 రోజులు సాగింది. బస్సులు డిపోలు దాటలేదు, బళ్లు తెరవలేదు, జీతాలు రాలేదు. ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటర్లో, తాడేపల్లిగూడెం పోలీస్ ఐలాండ్ సెంటర్లో రిలే దీక్షలు, రాస్తారోకోలు, నడిరోడ్డు మీద వంటావార్పులు. అక్టోబరులో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగేసరికి ఊళ్లు చీకట్లో మునిగాయి. అది డబ్బిచ్చి పోగుచేసిన గుంపు కాదు. రెండు నెలల జీతం వదులుకున్న గుమాస్తా, పిల్లల చదువు పోతోందని తెలిసీ దీక్షలో కూర్చున్న మేష్టారు ఎంత నిజాయితీగా ఉన్నారో దగ్గరుండి చూసినవాణ్ణి. ఇంతమంది వద్దంటుంటే ఢిల్లీ ఎలా చేస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న, నాదీ అదే.

కానీ ఈ ప్రశ్నకు జవాబు మన చరిత్రలోనే ఉంది. 2011లో తెలంగాణలో సకల జనుల సమ్మె 42 రోజులు జరిగింది. సింగరేణి బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి. సమ్మె ముగిసేనాటికి రాష్ట్రం రాలేదు. ఇంకా వెనక్కి, 1972కు వెళ్దాం. ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పగానే ఇదే కోస్తా జై ఆంధ్ర అని లేచింది. కాలేజీలు మూతబడ్డాయి, ఎన్జీవోలు సమ్మె చేశారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు తప్పుకోవలసి వచ్చింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. అయినా ఇందిరాగాంధీ రాష్ట్రాన్ని విడదీయలేదు. ఆ సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. కథ అక్కడితో సద్దుమణిగింది.

1972లో విడిపోతామన్నవాళ్లు, వాళ్ల బిడ్డలు 2013లో కలిసుంటామన్నారు. అప్పుడప్పుడు దీన్ని ఎత్తిపొడుపుగా అంటారు. నేనలా అనను. 1972లో భయం హైదరాబాదులో ఉద్యోగం దొరకదని. 2013లో భయం హైదరాబాదే దొరకదని. భయం ఒకటే, దాని రూపం మారింది. జోస్యం చెప్పేవాడు గమనించాల్సింది ఇంకొకటి: రెండుసార్లూ ఈ నేల కోరింది జరగలేదు. వీధి ఎంత నిండిందన్న దాన్నిబట్టి ఫలితం చెప్పడం 1972లోనే తప్పిన లెక్క.

రెండో జోస్యం 2009ని చూసి చెప్పింది. ఆ డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. తెల్లవారేసరికి సీమాంధ్ర శాసనసభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. డిసెంబరు 23న అదే చిదంబరం విస్తృత సంప్రదింపులు కావాలని వెనక్కి తగ్గారు. పద్నాలుగు రోజుల్లో తిరిగిపోయింది. అప్పుడు ఆగిందిగా, ఇప్పుడూ ఆగుతుంది అన్న ధీమాకు ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

తేడా ఎక్కడుందంటే, 2009లో ఉన్నది ఒక ప్రకటన మాత్రమే. దాన్ని మింగడానికి ఇంకో ప్రకటన చాలు. 2013లో పార్టీ తీర్మానం, అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గ నిర్ణయం, మంత్రుల బృందం, డిసెంబరు 5న బిల్లుకు మంత్రివర్గ ఆమోదం, రాష్ట్రపతి ద్వారా శాసనసభకు పంపడం, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. ఎక్కిన ప్రతి మెట్టూ దిగడాన్ని ఇంకాస్త కష్టం చేసింది. 2009కీ 2013కీ మధ్యలో, కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక కూడా వచ్చి ఉంది. 2010 డిసెంబరు 30న ఇచ్చిన ఆ నివేదికలో ఆరు మార్గాలున్నాయి. రాష్ట్రాన్ని కలిపే ఉంచి తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి ఇవ్వడం ఆరోది, కమిటీ మొదటి ఎంపిక అదే. అది కుదరకపోతే హైదరాబాదు రాజధానిగా తెలంగాణ ఇవ్వాలన్న ఐదోది రెండో మేలైన మార్గం అని అదే కమిటీ రాసింది. మా వైపు ఆరోది బాగా చదివాం. ఐదోదాని దగ్గర పేజీ తిప్పేశాం.

కాంగ్రెస్ తాను కూర్చున్న కొమ్మ నరుక్కుంటుందా అన్నది మూడో వాదన. 2009లో ఈ రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 33 ఆ పార్టీవి. ఢిల్లీ గద్దె నిలబడింది ఆ 33 మీదే. చూడ్డానికి తిరుగులేని తర్కం. కానీ 2012 జూన్‌లో 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే 15 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. కాంగ్రెస్‌కు మిగిలినవి రెండే, అందులో ఒకటి మా నరసాపురం. మా జిల్లాలోనే పోలవరం పోయింది. కొమ్మ అప్పటికే ఎండిపోయిందని ఢిల్లీకి అర్థమైంది. పచ్చగా ఉందని మనం అనుకుంటూ కూర్చున్నాం. ఇటు పోయేది ఎలాగూ పోతుంది, అటైనా నిలబెట్టుకుందామన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కా నిలవలేదు. 2014లో తెలంగాణలోని 119 స్థానాల్లో టీఆర్ఎస్ 63 గెలిచి ప్రభుత్వం పెట్టింది, కాంగ్రెస్‌కు 21 వచ్చాయి. కాబట్టి సరైన జోస్యానికి కాంగ్రెస్‌కు నిజంగా ఏది లాభమో తెలుసుకోవాల్సిన పని లేదు, అది ఏది లాభమనుకుంటోందో తెలిస్తే చాలు.

ప్రతిపక్షం సంగతి ఇంకా తేటగా ఉంది. 1990ల చివర బీజేపీ ఒక ఓటు రెండు రాష్ట్రాలు అన్నది మన పక్కనే ఉన్న కాకినాడలో. వాజ్‌పేయి ప్రభుత్వం 2000లో మూడు కొత్త రాష్ట్రాలు ఇచ్చింది గాని తెలంగాణ ఇవ్వలేదు, ఎందుకంటే ఆ ప్రభుత్వానికి తెలుగుదేశం ఎంపీలు కావాలి. అదే తెలుగుదేశం 2008 అక్టోబరులో తెలంగాణకు అనుకూలంగా ప్రణబ్ ముఖర్జీకి ఉత్తరం ఇచ్చింది. మొదటినుంచీ చివరిదాకా విభజన వద్దన్న మాట మీద నిలబడిన పార్టీ సీపీఎం. లోక్‌సభలో రెండు పెద్ద పార్టీలూ ఒకే వైపు ఉన్నప్పుడు సీమాంధ్ర ఎంపీలు పాతికమందీ ఒక్కతాటి మీద నిలబడినా 543లో పాతికే. ఈ కూడిక చేయడానికి చదువు కూడా అక్కర్లేదు. మనసు ఒప్పుకోవాలి, అంతే.

2014 సంక్రాంతికి బరుల దగ్గర కోళ్ల మీదే కాదు, బిల్లు మీదా పందేలు కాస్తున్నారన్న మాట నా చెవిన పడింది. కొల్లేటి లంక ఊళ్లో చేపల వ్యాపారం చేసే ఒక పెద్దాయన బిల్లు పాసవుతుందని కాశాడని తెలిసి అడిగాను. సమైక్య దీక్షల్లో ఆయన కూర్చోవడం నేను చూశాను. ఆయన తల దించుకుని, "మన కోడి గెలవాలని కోరుకోవడం వేరండీ, గెలుస్తుందని డబ్బు కాయడం వేరండీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. బరిలో అరుపులు ఎవరివైపు ఎక్కువగా ఉన్నాయో చూసి పందెం కాసేవాడు ఇల్లు గుల్ల చేసుకుంటాడని ఈ జిల్లాలో చిన్నపిల్లవాడికీ తెలుసు. కోడి ఒడుపు చూడాలి, కత్తి కట్టిన చెయ్యి చూడాలి. ఆ ఏడు నెలలూ పత్రికల్లో రాసినవాళ్ల కంటే, నాకంటే, ఆయన సూటిగా చూశాడు.

ఇక శాసనసభ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు ఆశ అంతా దానిమీదే పెట్టుకున్నారు. బిల్లు డిసెంబరు 16న సభలోకి వచ్చింది. జనవరి 23 దాకా గడువు, తర్వాత 30 దాకా పొడిగించారు. తొమ్మిది వేలకు పైగా సవరణలు ఇచ్చారు. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి, తన పార్టీ అధిష్ఠానాన్నే ఎదిరించి, బిల్లును తిప్పిపంపాలని తీర్మానం పెట్టారు. జనవరి 30న మూజువాణి ఓటుతో సభ బిల్లును తిరస్కరించింది. ఏలూరులో టపాకాయలు పేలాయి. ఆఖరి బంతి ఇంకా మిగిలే ఉందన్న ముఖ్యమంత్రి మాట ఇంటింటి మాట అయింది.

రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు పార్లమెంటు పని. రాష్ట్ర శాసనసభకు బిల్లు పంపి అభిప్రాయం అడగాలి. అడగాలి, అంతే. ఆ అభిప్రాయం పాటించాలని ఎక్కడా లేదు. 1955లో అయిదో సవరణతో దానికి గడువు పెట్టే అధికారం కూడా రాష్ట్రపతికి ఇచ్చారు. బొంబాయి రాష్ట్రం విషయంలో బాబూలాల్ పరాతే వేసిన కేసులో 1959లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. సభకు పంపిన ప్రతిపాదన ఒకటైనా, పార్లమెంటు చివరికి చేసింది మరొకటైనా చెల్లుతుందంది. పైగా కావలసింది మామూలు మెజారిటీ. రాజ్యాంగ సవరణకు కావలసిన మూడింట రెండొంతులు కూడా కాదు.

శాసనసభ ఔనన్నా కాదన్నా తేడా లేదని చెప్పడానికి అప్పటికి రెండేళ్ల ముందటి ఉదాహరణ ఉంది. 2011 నవంబరులో ఉత్తరప్రదేశ్ శాసనసభ, మాయావతి ప్రభుత్వం పెట్టిన తీర్మానాన్ని నిమిషాల్లో ఆమోదించి, రాష్ట్రాన్ని నాలుగు ముక్కలు చేయమంది. ఢిల్లీ ప్రశ్నలు వేసి తిప్పిపంపింది. ఒక సభ విడదీయమంటే విడదీయలేదు. ఇంకో సభ విడదీయవద్దంటే విడదీశారు.

అంత దూరం ఎందుకు, కొల్లేరు ఉంది. 1999లో అయిదో కాంటూరు దాకా, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యం చేశారు. 2005-06లో చేపల చెరువుల గట్లు పేల్చి, తవ్వి కొట్టేశారు. బతుకుతెరువు పోయిన లంక ఊళ్లవాళ్లు మొరపెట్టుకుంటే 2008లో శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానం చేసింది. ఆ కాగితం ఢిల్లీ వెళ్లింది. అభయారణ్యం హద్దు మార్చడం ఒక్క రాష్ట్ర సభ చేతిలోనే లేదు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దంది. కాంటూరు అలాగే ఉండిపోయింది. సరస్సును ఎంతదాకా కాపాడాలి, జనాన్ని ఎలా కాపాడాలి అన్నది వేరే చర్చ, అందులో నాకు రెండు పక్షాల మీదా గౌరవం ఉంది. ఇక్కడ చెప్పేదేమిటంటే, శాసనసభ తీర్మానం ఎంత దూరం వెళ్లి ఆగుతుందో ఈ ప్రాంతంలో ప్రతి లంక ఊరికీ అనుభవంలో ఉంది. అయినా 2014 జనవరిలో ఆ అనుభవాన్ని ఎవరూ గుర్తు చేసుకోలేదు. లస్కరు ఎవరో మరచిపోయి సరంగు వైపు చూశాం.

చివరగా గడువు. జోస్యాలన్నిటిలోకీ ఇదే బలమైనదని ఇప్పటికీ అంటాను. 15వ లోక్‌సభ ఆఖరి సమావేశాలు 2014 ఫిబ్రవరి 5న మొదలయ్యాయి, 21తో అయిపోవాలి. ఆ తర్వాత ఎన్నికలు. లోక్‌సభలో పెట్టి తేల్చని బిల్లు ఆ సభతోపాటే పోతుంది. అంటే సభ నడవకపోతే చాలు, రాష్ట్రం ఉన్నట్టే ఉంటుంది. ఎంపీలు వెల్‌లోకి దూకింది, ప్లకార్డులు పట్టింది, కేంద్ర మంత్రులు సైతం తమ ప్రభుత్వం మీదే నినాదాలు చేసింది ఇందుకే. ప్రతిష్టంభనే వాళ్ల ఆయుధం.

ప్రతిష్టంభన ఎవరికి లాభమన్నది ఏ చట్టసభలోనైనా మొదట అడగాల్సిన ప్రశ్న. అయిదేళ్ల తర్వాత బ్రిటన్ పార్లమెంటు ఐరోపా సమాఖ్యనుంచి బయటికి రావడం దగ్గర ఇలాగే చిక్కుకుపోయింది. 2019 జనవరి 15న థెరిసా మే ఒప్పందాన్ని 202కు 432 ఓట్లతో ఓడించారు. మార్చిలో ఇంకో రెండుసార్లు ఓడించారు. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు ఓటుకు పెడితే ఒక్కటీ గెలవలేదు. అక్కడ గడియారం మనదానికి ఎదురు తిరిగేది: ఏమీ తేల్చకుండా ఊరుకుంటే ఒప్పందం లేకుండానే బయటికి వెళ్లిపోవాలి. అందుకే కలిసుండాలన్నవాళ్లు గడువు పొడిగించమని పోరాడారు. మార్చి 29 అక్టోబరు 31 అయింది, అది 2020 జనవరి 31 అయింది. చివరికి చిక్కు విడిపోయింది సభలో కాదు, 2019 డిసెంబరు 12 ఎన్నికల్లో సభే మారిపోవడం వల్ల. అక్కడ కూడా 2016 ప్రజాభిప్రాయ సేకరణనాడు పందేల డబ్బులో ఎక్కువ భాగం సమాఖ్యలోనే ఉంటారన్న వైపే పడింది, ఫలితం 52కు 48 తేడాతో అటు తిరిగింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అక్కడ ప్రతిసారీ తలలు లెక్కపెట్టారు. ఓడినవాడికి ఎంతమందితో ఓడాడో తెలిసింది.

ఇక్కడికి వస్తే, గడువును నమ్ముకున్న జోస్యం రెండు చోట్ల తప్పింది. 2013 డిసెంబరులో సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు ఆరుగురు, ఉండవల్లి అరుణ్‌కుమార్, లగడపాటి రాజగోపాల్ వంటివాళ్లు, సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసు ఇచ్చారు. దాన్ని చేపట్టాలంటే యాభైమంది లేచి నిలబడాలి, సభ అదుపులో ఉండగా స్పీకర్ లెక్కపెట్టాలి. సభ అదుపులో లేదని నోటీసు అలాగే పడి ఉంది. గందరగోళం బిల్లును ఆపుతుందనుకుంటే అది ముందు అవిశ్వాసాన్ని ఆపేసింది. ఫిబ్రవరి 13న బిల్లు పెడుతుండగా లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లారు. దాంతో చాలామంది సీమాంధ్ర ఎంపీలు సస్పెండయ్యారు. వద్దనేవాళ్ల సంఖ్య ఓటింగు రాకముందే తగ్గిపోయింది. ఎదుటివాళ్లకు కావలసిన సానుభూతి కూడా ఆ రోజే దొరికింది. నా దృష్టిలో, సందేహం ఏదైనా మిగిలి ఉంటే, అది ఆ మధ్యాహ్నంతో తీరిపోయింది.

ఫిబ్రవరి 18. ఏలూరులో మేమంతా టీవీ ముందు కూర్చున్నాం. చర్చ జరుగుతుండగా లోక్‌సభ ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక కారణమని తర్వాత చెప్పారు. తెర మీద ఏమీ లేదు. వీధిలో ఎవరో ఫోన్లో "పాసయిపోయిందంట" అనడం వినిపించింది. సభ తలుపులు మూసి, తలలు లెక్కపెట్టకుండా, మూజువాణి ఓటుతో ఆమోదించారు. తెలంగాణ రావడం న్యాయమా కాదా అన్నది పక్కన పెట్టినా, ఆరు దశాబ్దాల కోరిక తీరిన తెలంగాణవాళ్లకూ, పోగొట్టుకున్నామనుకున్న మాకూ, ఎంతమంది ఔనన్నారో ఎంతమంది కాదన్నారో లెక్క దక్కలేదు. ఆ కొరత నాకు ఇప్పటికీ బాధే. మర్నాడు కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. ఫిబ్రవరి 20న రాజ్యసభ. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు పెట్టింది కూడా ఫిబ్రవరి 20నే.

జోస్యాల గురించి రాస్తూ లగడపాటి రాజగోపాల్ మాట ఎత్తకుండా ఉండలేం. ఎన్నికల సర్వేలు నిజం కావడంతో ఆయనకు ఆంధ్రా ఆక్టోపస్ అన్న పేరు వచ్చింది. విభజన జరగదని ఆయన అంటే మా వైపు జనం సర్వే ఫలితంలా విన్నారు. అది సర్వే కాదు, ఆకాంక్ష. విభజన జరిగితే రాజకీయాలు వదిలేస్తానన్న మాట మాత్రం ఆయన నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత 2018 తెలంగాణలో, 2019 ఆంధ్రలో సర్వేలు కూడా తప్పాయి. ఓటరు మనసులో ఏముందో అడిగి తెలుసుకోవచ్చు, కొన్నిసార్లు తప్పినా. అధికారం ఉన్న నలుగురు ఏం చేస్తారో లక్షమందిని అడిగినా తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. ఆగుతుందా, ఆగదా అన్న ఒక్క ప్రశ్న మిగతా ప్రశ్నలన్నిటినీ మింగేసింది. ఆగకపోతే ఏ షరతుల మీద? రాజధానికి ఎంత, ఎప్పటిలోగా, ఎవరిస్తారు? ఉమ్మడి సంస్థల ఆస్తులు ఏ పద్ధతిలో పంచుతారు? ఇవి అడగడమే ఓటమిని ఒప్పుకోవడం అన్నారు. అడిగినవాణ్ణి ద్రోహి అన్నారు. ఏలూరు ఎంపీ కావూరి సాంబశివరావు అప్పుడు కేంద్రంలో జౌళి మంత్రి. ఆయనతో సహా మా వైపు మంత్రులను వీధి నిలదీసింది రాజీనామా ఎప్పుడిస్తారని. బిల్లులో ఫలానా నిబంధన ఎలా రాయిస్తారని ఎంతమందిమి అడిగాం? నేను అడగలేదు. ఆ నెలల్లో రాసిన ప్రతి వ్యాసంలోనూ ఆగుతుందనే రాశాను. బిల్లు ప్రతి నా బల్ల మీదే ఉన్నా పదమూడో షెడ్యూలు చదవలేదు.

ఆ షెడ్యూలు చదివితే ఒక్కో క్రియాపదానికి ఎంత విలువుందో తెలుస్తుంది. ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐఐఎం వంటివి నెలకొల్పడానికి కేంద్రం చర్యలు తీసుకోవాలి అని రాశారు. కడప ఉక్కు కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి అని రాశారు. మొదటి మాటతో తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ మొదలైంది. దేశం నలుమూలలనుంచీ పిల్లలు ఉల్లిపాయల మార్కెట్టు ఊరికి చదువుకు వస్తున్నారు. రెండో మాటతో కడపలో ఎన్ని శంకుస్థాపనలు జరిగాయో పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా చట్టంలోనే రాశారు, అందుకే దాని డబ్బు గురించి ఇవాళ కూడా గట్టిగా అడగగలుగుతున్నాం. ప్రత్యేక హోదా చట్టంలో లేదు. రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్లన్నారు, వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. రెండూ నోటిమాటలే. 2018 జూలై 20న దానికోసం పెట్టిన అవిశ్వాసం 126కు 325తో వీగిపోయింది. ఈసారి తలలు లెక్కపెట్టారు.

పదాలను మార్చగలిగే సమయం 2013 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మంత్రుల బృందం కూర్చున్న రోజుల్లో ఉంది. పాతికమంది ఎంపీలు బిల్లును ఆపడానికి చాలరు గాని, పరిశీలించాలి అన్న మాటను నెలకొల్పాలిగా మార్పించడానికి చాలేవాళ్లని నేను నమ్ముతున్నాను. ప్రభుత్వానికి ఆ సభ సాఫీగా నడవడం అంత అవసరం. ఆ అవసరాన్ని మనం ధరకట్టి అమ్ముకోలేదు, ఎందుకంటే బిల్లు రాదని నమ్మాం.

2014 మేలో ఎన్నికలు వచ్చాయి. విభజన చేసిన కాంగ్రెస్‌కు సీమాంధ్రలోని 175 శాసనసభ స్థానాల్లో, 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఇది అందరూ ఊహించిందే. కానీ విభజనకు ఓటేసిన బీజేపీకి కూడా జనం శిక్ష వేస్తారనుకున్నవాళ్లు తప్పారు. తెలుగుదేశం పొత్తుతో తాడేపల్లిగూడెంలో బీజేపీ అభ్యర్థి పైడికొండల మాణిక్యాలరావు గెలిచి దేవాదాయ మంత్రి అయ్యారు. జిల్లాలో పదిహేనుకు పదిహేనూ ఆ కూటమివే. కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన జై సమైక్యాంధ్ర పార్టీకి ఒక్క సీటూ రాలేదు. జరిగిపోయినదాని మీద కోపం కంటే జరగబోయేదాని మీద బెంగ పెద్దది అని ఆ ఓట్లు చెప్పాయనుకుంటాను.

ఈ జోస్యాల్లో ఎక్కడా కనిపించని మనుషులు కొందరున్నారు. 2014 మే 29న రాష్ట్రపతి సంతకం చేసిన ఆర్డినెన్సుతో పోలవరం ముంపు కిందికి వచ్చే ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరిలో కలిశాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లాలో ఉండిపోయింది, ఆ రెండు మండలాలు ఏలూరు జిల్లాకు వచ్చాయి. తెలంగాణ కావాలన్న ఉద్యమం వాళ్ల ఊళ్లమీదుగా కూడా నడిచింది. రాష్ట్రం వచ్చేసరికి వాళ్లు అందులో లేరు. గోదావరి పొంగిన ప్రతి ఏడాదీ వాళ్లు సామాన్లు మూటగట్టుకుని గట్టెక్కుతారు, పునరావాసం అర్జీలు పట్టుకుని ఏలూరు కలెక్టరేట్‌కు వస్తారు. ఆ వరండాలో ఒకసారి ఒక కోయ ముసలమ్మ నన్ను అడిగింది, "బాబూ, మమ్మల్ని ఇటు రాసినప్పుడు మీరంతా ఎక్కడున్నారు?" ఆ మే నెలలో నేను ఫలితాల లెక్కల్లో ఉన్నాను. ఆమెకు ఆ మాటే చెప్పాను.